మెట్టు రాడ్జర్స్‌ది, మరి ఆ 13 నిమిషాలు?

2019లో అరియానా గ్రాండే 'సెవెన్ రింగ్స్' పాటకు 'మై ఫేవరిట్ థింగ్స్' అనే పాత పాట మెట్టు (బాణీ) వాడుకుంది. రచయితల రాయల్టీలో 90 శాతం ఆ పాత పాట హక్కుదారులకే పోయిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. మెట్టుకు అంత విలువైతే, దాన్ని వాయించి కొత్త రూపమిచ్చినవాడికి ఏమిచ్చారు? ఈ తగువు రాజుకున్నప్పుడల్లా అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ పేరు వస్తుంది. చూడాల్సింది ఆయన ఈ పాటను రికార్డు చేసిన ఒక్క రోజు: 1960 అక్టోబర్ 21, న్యూయార్క్.

అప్పటికది ఇంటింటి పాటేమీ కాదు. న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్వేలో, ఈ పాట ఉన్న 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాటకం మొదలై ఏడాది నిండలేదు. సినిమా వచ్చింది 1965లో. మెట్టు కట్టింది రాడ్జర్స్; మాటలు రాసిన హ్యామర్‌స్టీన్ చనిపోయి రెండు నెలలే అయింది.

ఆ రికార్డింగ్ ఒకసారి వినండి. మెకాయ్ టైనర్ పియానో మీద రెండే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) తిప్పుతుంటాడు, ఊయల ఊపినట్టు. కోల్‌ట్రేన్ సొప్రానో సాక్సోఫోన్‌తో పల్లవి ఎత్తుకుంటాడు, వదిలేసి ఎటో వెళ్తాడు, మళ్లీ అక్కడికే వస్తాడు. కుక్క కరిచినా తేనెటీగ కుట్టినా ఇష్టమైనవి తలుచుకుంటే దిగులు పోతుందనే ముక్క కోసమే అసలు పాటంతా నడుస్తుంది. ఈయన దాన్ని ఆఖరిదాకా అట్టేపెట్టాడు. మొత్తం 13 నిమిషాల 41 సెకన్లు.

హక్కుదారుల వాదన ఒక్క ముక్కే: మెట్టు రాడ్జర్స్‌ది, మాటలు హ్యామర్‌స్టీన్‌వి. చట్టమూ వాళ్ల పక్షమే. అప్పటి అమెరికా 1909 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక్కో పాటకు, ఒక్కో రికార్డు కాపీకి 2 సెంట్లు రచయితల వైపు వెళ్లాల్సి ఉండేది. మూడు నిమిషాలు వాయించినా పదమూడు వాయించినా అంతే.

కోల్‌ట్రేన్ కంటే ముందరి జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ తరం దీనికి దారి వెతుక్కుంది. పాత పాట కార్డ్స్ ఉంచుకుని, మెట్టు కొత్తది కట్టి సొంత పేరు వేసుకునేవాళ్లు. 'చెరోకీ' అనే పాట అలాగే పార్కర్ 'కో-కో' అయింది. కోల్‌ట్రేన్ పల్లవిని దాచలేదు, పేరూ మార్చలేదు. ఆ నిజాయితీకే నష్టపోయాడని నాకనిపిస్తుంది. ఈ రికార్డింగ్ ఉన్న ఆల్బమ్‌లోని నాలుగూ ఇతరుల పాటలే. 1960లోనే వచ్చిన ఆయన ఆల్బమ్ 'జెయింట్ స్టెప్స్'లో ప్రతి ట్రాకూ ఆయన సొంతం.

మన కచేరీలో నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) ఎంతసేపు సాగినా కృతి త్యాగరాజుదే అంటాం. నిజమే, కానీ అక్కడ చెక్కు ఎవరి పేరున రాయాలన్న గొడవ లేదు.

1966లో టోక్యోలో ఇదే పాటను కోల్‌ట్రేన్ దాదాపు 57 నిమిషాలు వాయించాడు. రచయితలుగా పడ్డవి మాత్రం ఆ రెండు పేర్లే. అమెరికాలో పాట హక్కులు 2054 చివరిదాకా ఉంటాయి.