ఫిల్టర్ ఉండాల్సింది టెలిస్కోపు ముందు

పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న టెలిస్కోపు దానికంటే కనీసం ఐదు వందల రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. ఫిల్టర్ లేకుండా దాన్ని సూర్యుడి వైపు తిప్పి కన్ను పెడితే క్షణంలో రెటీనా కాలిపోతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక, కాలుతున్నప్పుడు హెచ్చరించేదేదీ ఉండదు. చూపు పోయిందని తర్వాతే తెలుస్తుంది.

అందుకే వెలుగును టెలిస్కోపులోకి రాకముందే ఆపాలి. కొన్ని చవక టెలిస్కోపులతో పాటు ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, బిగించే చిన్న నల్లటి సౌర ఫిల్టర్ ఇచ్చేవారు. వేడంతా కేంద్రీకృతమయ్యే చోట ఉండే ఆ గాజు ఉన్నట్టుండి పగలవచ్చు. మీ దగ్గర అలాంటిది ఉంటే దయచేసి ఈ రోజే పారేయండి. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోపులో చూడటమూ అంతే ప్రమాదం. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు అసలే పనికిరావు.

గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పేలా సౌర ఫిల్టర్ ఫిల్మును బిగించాలి. వెలుగును ఆపే సాంద్రత 5గా ఉన్న ఫిల్ము వెలుగులో లక్షో వంతును మాత్రమే లోపలికి పంపుతుంది. 3.8 అని ఉన్నది దానికి దాదాపు పదహారు రెట్లు వెలుగును వదులుతుంది. అది కెమెరాకే గాని కంటికి కాదు. చూసే ముందు ప్రతిసారీ ఫిల్మును దీపం ముందు పట్టి, చిల్లులు లేవని నిర్ధారించుకోవాలి. గాలికి ఎగిరిపోకుండా టేపు వేయాలి. చాలామంది మరచిపోయేది పక్కనుండే ఫైండర్‌ను, అంటే గురి చూసుకునే చిన్న దుర్భిణిని. దానికి మూత పెట్టండి, లేదా ఊడదీయండి. గొట్టం నీడ నేల మీద అతి చిన్నదిగా మారినప్పుడు సూర్యుడు సూటిగా ఎదురుగా ఉన్నట్టే.

ఫొటోకు ఉదయం వేళ మంచిది. ఎండ ముదిరి నేల కాగాక గాలి కదలికలకు బింబం అంచు అలలా ఊగుతుంది. టెలిస్కోపు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1,000 మిల్లీమీటర్లయితే కెమెరాలో సూర్యబింబం సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక్క ఫొటోను నమ్ముకోకుండా కొన్ని సెకన్ల వీడియో తీసి, అందులో స్పష్టంగా ఉన్న ఫ్రేములను కంప్యూటర్‌లో కలిపితే సౌరమచ్చల లోపలి చీకటి భాగం, చుట్టూ ఉన్న బూడిదరంగు అంచు విడివిడిగా తేలుతాయి. మచ్చ నల్లగా కనిపించేది చుట్టుపక్కల కంటే పదిహేను వందల డిగ్రీలకు పైగా చల్లగా ఉండటం వల్లే. వాటిలో కొన్ని భూమి కంటే పెద్దవి! రోజూ ఒకే వేళకు తీస్తే, మచ్చ రెండు వారాలలోపే బింబాన్ని దాటిపోవడం, అంటే సూర్యుడి భ్రమణం, మీ ఫొటోల్లోనే కనిపిస్తుంది. కొడైకెనాల్ వేధశాలలో ఈ పని శతాబ్దానికి పైగా సాగుతోంది.

ఈ ఫిల్ముతో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు కనబడవు. వాటికి 656.3 నానోమీటర్ల ఎర్రని హైడ్రోజన్ కాంతిని మాత్రమే వదిలే హెచ్-ఆల్ఫా టెలిస్కోపు కావాలి. ఖరీదెక్కువ. ఆ దారి తెరుచుకోవడంలో మన గుంటూరుకు పాలుంది. 1868 ఆగస్టు 18న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, జ్వాలల వర్ణపట గీతలు (వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే గీతలు) ఎంతో ప్రకాశవంతంగా ఉండటం చూసి, వాటికి గ్రహణంతో పనిలేదని గ్రహించాడు. మర్నాడు మామూలు ఎండలోనే వాటిని మళ్లీ చూశాడు.