చెయ్యి దూరని ఇంజన్లు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ పోటీపడి అడిగారు కదా, "అమెరికా బాబాయి తన పాత స్పోర్ట్స్ కారుకి స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి శని, ఆదివారాలు రెండూ ఎందుకు పట్టాయి? నాన్న బైక్‌కి మెకానిక్ అన్న మాట్లాడుతూ మాట్లాడుతూనే మార్చేశాడే" అని. ఫోన్లో మొదలుపెడితే మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది, సగంలో ఆగిపోతుంది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

స్పార్క్ ప్లగ్గు అంటే ఇంజన్ సిలిండర్‌లో పెట్రోలుని మండించే నిప్పురవ్వ పుట్టించేది. బాబాయికి ప్లగ్గులు విప్పి బిగించడానికి పట్టింది కాసేపే. వాటి దాకా చెయ్యి చేర్చడానికే రెండు రోజులు పోయాయి. మోచేతుల దాకా గీతలు, గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు, సోమవారం ఎవరు పలకరించినా విసుగు. అంతా ఆ చెయ్యి చేరకపోవడం వల్లే.

నేను విజయవాడలో ఆర్టీసీ డిపో గ్యారేజీ మనిషిని. పాత బస్సుల్లో డ్రైవరు పక్కన ఇంజన్ మూత ఉండేది. సీటు దొరకనివాళ్ళు దాని మీదే కూర్చుని కింద కాలుతున్నా కిక్కురుమనకుండా ఊరు చేరేవారు. ఆ మూత తీస్తే మేం ఇంజన్ ముందు బాసింపట్టు వేసుకుని పని చేసుకునేవాళ్ళం. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజన్ పక్క నుంచి కింద నేల కనిపించేది. చేతిలోంచి నట్టు జారితే టంగుమని నేల మీద పడేది, వంగి తీసుకునేవాళ్ళం. బాబాయి కారులో జారిన నట్టు నేల మీద పడదు. దారిలో ఏదో ఒక పైపు మీదో, ఇనుప అంచు మీదో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో అది చెప్పదు, మనకి కనపడదు.

స్పోర్ట్స్ కారు అందం దాని పొట్టిదనంలో ఉంది. బానెట్ నేలకి దగ్గరగా ఉండాలి, ముక్కు గాలిని కోసుకుంటూ పోవాలి. మలుపులో బండి తూలకుండా ఉండాలంటే బరువంతా నడిమికి దగ్గరగా చేరాలి, అంటే ఇంజన్‌ని వీలైనంత వెనక్కి జరపాలి. ఆ మిగిలిన ఇరుకులోనే ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, స్టీరింగ్ పంపు, రెండు పక్కలా పొగ గొట్టాలు, పొగలో విషం తగ్గించే పైపులు అన్నీ సర్దాలి. వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్ అయితే అసలే వెడల్పు. కుర్రాళ్ళు కొనేది ఆ బలం చూసే, ఆ చప్పుడు వినే. ప్లగ్గు ఎక్కడుందని షోరూములో అడిగినవాణ్ణి నేనైతే చూడలేదు.

కొన్ని కార్లకయితే ఈ కష్టం పుట్టుకతోనే వచ్చింది. ఇంగ్లండులో సన్‌బీమ్ ఆల్పైన్ అని నాలుగు సిలిండర్ల ముచ్చటైన చిన్న కారు ఉండేది. దాంట్లో ఫోర్డు వారి 4.2 లీటర్ల వి8 ఇంజన్ పెట్టి 1964లో సన్‌బీమ్ టైగర్ అని అమ్మకానికి పెట్టారు. మొదటి నమూనా కట్టిచ్చినవాళ్ళలో అమెరికా రేసింగ్ దిగ్గజం క్యారల్ షెల్బీ ఒకడు. కారు పరిగెత్తింది, అందులో సందేహం లేదు. ఇంజన్ మాత్రం ఎంత బిగుతుగా కూర్చుందంటే, తయారీలో అప్పటికే రంగు వేసిన ఇనుప గోడని సమ్మెటతో కొట్టి లోపలికి నొక్కి చోటు చేసేవారట. వెనకవైపు ప్లగ్గులు కొన్ని పైనుంచి అందవు. అందుకని ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడలో ఒక కన్నం పెట్టి, దానికి రబ్బరు బిరడా బిగించారు. ప్లగ్గు మార్చాలంటే కారులో కూర్చుని బిరడా తీసి ఆ కన్నంలోంచి పానా దూర్చాలి. నాకు ఆ కన్నం పెట్టినవాడి మీద గౌరవమే. ఇరుకు చేశాడు, కానీ రేపు ఇంకొకడు దాన్ని విప్పాలన్న సంగతి మరిచిపోలేదు.

అందరూ అలా ఉండరు. 1975లో షెవ్రొలే మోంజా అని ఒకటి వచ్చింది. జనరల్ మోటార్స్ వారు దాన్ని మొదట రోటరీ ఇంజన్ కోసం అనుకున్నారు. రోటరీ ఇంజన్ చిన్నది, గుండ్రంగా తిరిగే మరతో నడుస్తుంది. తీరా ఆ ఇంజన్ పథకమే ఆగిపోయింది. కారు తయారయిపోతోంది, అనుకున్న ఇంజన్ లేదు. దాంతో వేరే ఇంజన్లతో పాటు వి8 కూడా దాంట్లో ఇరికించారు. వి8 మోంజాలో ఒక ప్లగ్గు తియ్యాలంటే ఇంజన్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి, ఇంజన్‌నే జాకీతో కాస్త పైకి లేపాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఇప్పుడు ఇంటి ముందు విప్పి చూసుకునేవాళ్ళ నోట ఎక్కువగా నానే కారు గురించి కొంచెం నిదానంగా చెప్తాను. 1993 నుంచి 2002 దాకా వచ్చిన షెవ్రొలే కమారో. దాని ముందు అద్దం 68 డిగ్రీలు వాలి ఉంటుంది, దాదాపు పడుకున్నట్టే. ఆ అద్దం కింది అంచు ముందుకు చాచుకుని ఇంజన్ వెనక భాగాన్ని కప్పేస్తుంది. బానెట్ ఎత్తితే ఇంజన్ సగమే బయటికి కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో మాత్రం ఏ తంటా లేదు. ఇంజన్, గేర్‌బాక్సు, ముందు చక్రాల సామాను అన్నీ ఒకే చట్రం మీద బిగించి, కింద నుంచి కారు కడుపులోకి లేపేస్తారు. కట్టేవాడు కింద నుంచి వస్తాడు. ఇంటి దగ్గర మరమ్మతు చేసేవాడు పైనుంచి వస్తాడు, పైన అద్దం అడ్డం. అందుకే అక్కడివాళ్ళు కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, వెల్లకిలా పడుకుని, చక్రం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి వెనక ప్లగ్గులు తీస్తారు.

1997 దాకా వచ్చిన ఆ వి8 కార్లలో ఎల్‌టీ1 అనే 5.7 లీటర్ల ఇంజన్ ఉండేది. దానికి ఆప్టిస్పార్క్ అనే డిస్ట్రిబ్యూటర్. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పు అందాలో చూసేది డిస్ట్రిబ్యూటరే. దీంట్లో ఒక పల్చటి బిళ్ళకి అంచున 360 సన్నని చీలికలు, లోపల 8 చీలికలు ఉంటాయి. వాటిలోంచి వెలుతురు పోతూ ఆగుతూ ఉంటే ఇంజన్ ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి డిగ్రీతో సహా తెలుస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు. పెట్టిన చోటు మాత్రం ఇంజన్ ముందు భాగాన, సరిగ్గా వాటర్ పంపు కింద. వాటర్ పంపుకి వయసొస్తే లోపలి సీలు అరిగి చుక్కలు కారుతుంది. అలా కారిపోవడానికే దానికి అడుగున ఒక చిన్న కన్నం కూడా ఉంటుంది. ఆ చుక్కలు ఎక్కడ పడతాయో మీరే చెప్పండి.

తడిసిన ఆప్టిస్పార్క్ మొరాయిస్తుంది. దాన్ని తియ్యాలంటే బ్యాటరీ వైరు విప్పాలి, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వంపెయ్యాలి, గాలి గొట్టం తియ్యాలి, రేడియేటర్ పైపులు లాగాలి, వాటర్ పంపు విప్పాలి, క్రాంక్ దగ్గర పుల్లీ విప్పాలి. అప్పటికి అది కనిపిస్తుంది, మూడు బోల్టులు. మళ్ళీ అన్నీ వెనక్కి బిగించాక కూలెంట్ పోస్తే లోపల గాలి బుడగ చిక్కుకుంటుంది. ఆ ఇంజన్‌లో కూలెంట్ మామూలు దారిన కాకుండా ముందు పైనున్న హెడ్లకే (సిలిండర్లని పైనుంచి మూసే భాగాలకే) పోతుంది, కాబట్టి పైనున్న చిన్న మరలు వదులు చేసి గాలి పూర్తిగా పోనివ్వాలి. 1998లో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఈ డిస్ట్రిబ్యూటర్‌నే తీసేసి, ఒక్కో సిలిండర్‌కి నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి పెట్టారు. దాంతో ఆ పీడ విరగడయింది. వెనక ప్లగ్గుల కష్టం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే అద్దం అక్కడే ఉంది.

ఇంజన్ నడిమిలో ఉన్న కార్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు (ఇంజన్ వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా తిప్పే బెల్టులు) మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దింపాలి. దాని తర్వాత వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఒక పలక తీస్తే బెల్టులు అందుతాయి, అంటే కంపెనీకీ ఆ నొప్పి తెలిసిందన్నమాట. 1996లో వచ్చిన పోర్షె బాక్‌స్టర్‌కైతే ఇంజన్‌కి మామూలు మూతే లేదు. వెనక డిక్కీలో నూనె, కూలెంట్ పోసే మూతలు ఉంటాయి, అంతే. మన దగ్గర మారుతి ఓమ్నీలో ముందు సీట్ల కింద ఇంజన్ ఉండేది గుర్తుందా? సీటు ఎత్తితే కనపడేది. బీదవాడి బండికి ఉన్న ఆ సుఖం కొన్ని కోటీశ్వరుల బండ్లకి లేదు.

ఇరుకులో పానా ఎలా తిరుగుతుందో లెక్క చెప్తాను, మీ జామెట్రీ మాష్టారు సంతోషిస్తారు. నట్టుకి ఆరు మూలలు. 360ని ఆరుతో భాగిస్తే 60. అంటే నిటారు పానాతో ఒకసారి తిప్పి, తీసి, తర్వాతి పక్క పట్టుకోవాలంటే కనీసం 60 డిగ్రీలు ఊగే చోటుండాలి. పెట్టెలోంచి పానా తీసి చూడండి, దాని నోరు పిడికి సూటిగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకి వంగి ఉంటుంది. ఒకసారి తిప్పి, పానాని బోర్లించి మళ్ళీ పెడితే 30 డిగ్రీల చోటులోనే నట్టు కదులుతుంది. కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. ఒక వైపుకే పట్టి, రెండో వైపుకి ఊరికే తిరిగే రాచెట్ పానా అయితే ఇంకా నయం. లోపల 72 పళ్ళుంటే 5 డిగ్రీలకే ఒక టక్కు. పొగ గొట్టానికీ ఇనుప గోడకీ మధ్య బెత్తెడు సందులో ఆ 5 డిగ్రీలే దిక్కు. టక్కు, టక్కు, టక్కు. ఒక ప్లగ్గు పూర్తిగా ఊడేసరికి మెడ పట్టేస్తుంది.

బిగించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. హెడ్డు అల్యూమినియం, మెత్తన. ప్లగ్గు ఉక్కు. కనపడని చోట వంకరగా మొదలుపెట్టి పానాతో బలవంతం చేస్తే మర చెడిపోతుంది, అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది. దీనికొక ఉపాయం ఉంది. జానెడు రబ్బరు పైపు ముక్క తీసుకుని ప్లగ్గు పింగాణీ కొసకి తొడగాలి. పైపుని వేళ్ళతో తిప్పుతూ ప్లగ్గుని కన్నంలో పెట్టాలి. మర సరిగ్గా పడితే నున్నగా లోపలికి పోతుంది. తప్పుగా పడితే రబ్బరు ప్లగ్గు మీద జారి ఊరికే తిరుగుతుంది, మరని పాడు చెయ్యదు. కన్ను చూడలేని చోట రబ్బరు చెప్తుంది. ఇంజన్ చల్లారాకే ఈ పని, వేడి మీద చెయ్యకూడదు.

మరి మెకానిక్ దగ్గరికి పంపొచ్చు కదా అంటారు. అమెరికాలో కూలి గంటల లెక్క. ఏ కారుకి ఏ పనికి ఎన్ని గంటలో ముందే రాసిపెట్టిన పుస్తకాలుంటాయి. ఇరుకు కారు అయితే ఆ గంటలు పెరుగుతాయి, బిల్లూ పెరుగుతుంది. సామాను చవక, దాని దాకా పోవడం ఖరీదు. మన ఆటోనగర్‌లో అయితే సన్నటి చెయ్యి ఉన్న కుర్రాణ్ణి ఒకణ్ణి పిలిచి, "ఒరేయ్, నీ చెయ్యి దూరుతుందేమో చూడరా" అంటారు. ఆ కుర్రాడి చేతి గీతల్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే. గీసిన ఇంజనీరు ఇరుకు చేస్తాడు, కంపెనీ అందంగా ఉందని అమ్ముతుంది, కొన్నవాడు మోజు తీర్చుకుంటాడు, ఆ చోటు తక్కువైన లెక్క చివరికి ఎవడో ఒకడి వేళ్ళ మీద తేలుతుంది. బాబాయి విషయంలో కొన్నవాడూ వాడే, వేళ్ళూ వాడివే కాబట్టి నేను ఓదార్చలేదు.

కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పాను, మీకూ చెప్తున్నాను. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందికి ఎవరూ దూరకూడదు, బంతి కోసమైనా సరే. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకి అడ్డం పెట్టాలి. వంపేసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. వీధి కుక్క నాకినా చచ్చిపోతుంది. గిన్నెలో వదిలెయ్యకూడదు, కాలవలో పొయ్యకూడదు.

పెద్దోడు నిన్న మెసేజ్ పెట్టాడు, ఉద్యోగం రాగానే పాత స్పోర్ట్స్ కారు కొంటాడట. కొనుక్కో నాయనా, వద్దనను. కొనేముందు బానెట్ ఎత్తించు. రంగు చూడొద్దు, చప్పుడు వినొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి, అన్నిటికంటే వెనకున్న ప్లగ్గు ఎక్కడుందో వెతుకు. దాన్ని రెండు వేళ్ళతో తాకగలిగితే బేరం మొదలుపెట్టు. తాకలేకపోతే, దాన్ని మార్చడానికి ఎన్ని గంటల కూలో షెడ్డువాణ్ణి అడిగి, ఆ డబ్బు ధరలోంచి తగ్గించి అడుగు. అమ్మేవాడు ముఖం చిట్లిస్తే, ఆ కారుకి వాడే ప్లగ్గులు మార్చి ఉంటాడు.

మీ తాతయ్య