సెల్లార్ నిండింది, రోడ్డు ఇరుకైంది

పైడితల్లమ్మ పండగ దగ్గరపడుతుంటే విజయనగరంలో ఒక గొడవ మళ్లీ లేస్తుంది. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా తోపుడు బండ్లు తీయించాలని షోరూముల వాళ్లు, తీస్తే ఎక్కడికి పోతామని బండ్ల వాళ్లు. ఇప్పుడూ అదే నడుస్తోంది. కోట ఎప్పుడు కట్టారు, గంటస్తంభం ఎవరు కట్టించారు అన్నవి ఈ ఊరి బడిపిల్లలు కూడా చెప్పేస్తారు, వాటి జోలికి వెళ్లడం లేదు. నా లెక్కలో ఇవాళ్టి ఇరుకుకి మూలం అంత పాతది కాదు. దానికి తేదీ కూడా ఉంది: 2007 డిసెంబరు 31.

ఆ రోజు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 901 నంబరు జీవో ఇచ్చింది. ప్లాన్‌కి విరుద్ధంగా కట్టిన భవనాలకి అపరాధ రుసుం కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం అది. పేరు బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, జనం నోట్లో బీపీఎస్. 1985 జనవరి 1కీ 2007 డిసెంబరు 15కీ మధ్య కట్టినవాటికి వర్తించింది. ప్లాన్‌లో లేని అంతస్తు లేపినా, చుట్టూ వదలాల్సిన ఖాళీ మింగేసినా డబ్బు కట్టి బయటపడొచ్చు. ఇంతటితో సరి అనుకున్నారు. 2015లో మళ్లీ తెచ్చారు, 2019లో మళ్లీ. 'ముందు కట్టేద్దాం, తర్వాత బీపీఎస్‌లో చూసుకుందాం' అనడం మేస్త్రీలకి కూడా అలవాటైపోయింది.

కానీ ఆ జీవోలోనే, పెద్దగా ఎవరూ పట్టించుకోని మినహాయింపు ఒకటుంది. ప్లాన్‌లో పార్కింగ్‌కి చూపించిన జాగాని వేరే పనికి వాడితే ఎంత కట్టినా క్రమబద్ధం చేయకూడదు. ప్రభుత్వ భూమి, చెరువు శిఖం (నీళ్లు నిలిచే చెరువు భూమి) ఉన్న జాబితాలోనే పార్కింగ్ కూడా ఉంది. అంటే పార్కింగ్‌కని చూపించిన సెల్లార్‌లో దుకాణం పెట్టడం ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే. డబ్బు కడితే చాలన్న సగమే ఊళ్లోకి వచ్చింది, ఈ సగం జీవోలో ఉండిపోయింది.

అంతకుముందు ఇలాంటి బజారు వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం. షావుకారు మెట్లు దిగితే గల్లాపెట్టె. పొద్దున్నే ముందు కళ్లాపి చల్లి ముగ్గేసేది ఆ ఇంటివాళ్లే కాబట్టి గుమ్మం ముందు ఎవరి బండి ఉందో, ఎంతసేపు ఉందో వాళ్లకి తెలిసేది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయ్యాక ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, గిరాకీ పెరిగింది. కొట్ల వాళ్లు కంటోన్మెంట్ వైపు, రింగురోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలోకి మారారు. పెంకుటిళ్లు పోయి అద్దాల కాంప్లెక్సులు లేచాయి. ఇప్పుడు రాత్రి షట్టర్లు దించాక ఆ వీధి గురించి ఆలోచించేవాళ్లు వాచ్‌మన్లే.

గిరాకీ మాత్రం తగ్గలేదు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయిపోయినా, పెళ్లి చీరలకి సాలూరు వాళ్లూ పార్వతీపురం వాళ్లూ ఇప్పటికీ విజయనగరం బస్సే ఎక్కుతారు. వైజాగ్ పోయే స్తోమత ఉన్నవాళ్లు వైజాగ్ పోతారు, అది వేరే సంగతి.

శనివారం సాయంత్రం నేనూ వెళ్లాను. ఒక పెద్ద బట్టల షాపు పక్కన సెల్లార్‌లోకి దిగే ర్యాంపు ఉంది. సగం దాకా చెక్కలు పరిచి, వాటి మీద చుడీదార్లు తొడిగిన బొమ్మలు నాలుగు నిలబెట్టారు. వాటి వెనకాల గోడ మీద తెల్ల రంగుతో కిందకి చూపిస్తున్న బాణం, 'పార్కింగ్' అన్న మాటలో మొదటి రెండక్షరాలు. మిగతాది ఆఫర్ ఫ్లెక్సీ కింద ఉండిపోయింది. లోపల ట్యూబులైటు వెలుగులో అట్టపెట్టెలు కప్పుకి అంటుకునేలా పేర్చి ఉన్నాయి. స్కూటర్ దించబోతే వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "కింద స్టాకుందండి. రోడ్డు మీద పెట్టీయండి" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు.

ఆ ర్యాంపుకి ఎదురుగా క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు అమ్మే ఒకావిడ బండి. గొడవ సంగతి అడిగితే నవ్వింది. "ఏటి బాబూ, నా బండి నాలుగడుగులుంటాది. ఆ కారు సూడండి, మజ్జానం నుంచీ అక్కడే ఉంది. దాన్నెవులూ ఏటీ అనరు." పండగ రోజుల్లో రెండు రెట్లు అమ్ముడవుతుందట, సరిగ్గా అప్పుడే లేవమంటారట.

షోరూముల వాళ్ల వాదన కూడా ఉంది. అద్దెలు, జీఎస్టీ, లైసెన్సు అన్నీ కడుతున్నాం, గుమ్మానికి అడ్డంగా బండి పెడితే గిరాకీ ఎలా లోపలికొస్తుంది అంటారు. నిజమే.

అయితే బండ్ల వాళ్లకి 2014 నుంచి చట్టం ఉంది. వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి అందరికీ ధ్రువపత్రాలివ్వాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. తర్వాత లేపాలన్నా 30 రోజుల నోటీసివ్వాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం మేరకు వాళ్లకి చోటు చూపించాలి. రెండు లక్షలు దాటిన ఈ ఊరికి లెక్కేస్తే అయిదు వేల మందికి పైనే. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూసే కమిటీలో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఈ విషయం చెబితే ఆవిడ నమ్మలేదు, నేనేదో అమ్మడానికి వచ్చాననుకుంది.

ఈ ఊళ్లో బాగు చేయడమంటే తీసేయడమే అన్నట్టుంటుంది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సుందరీకరణ పేరుతో పాత మూడు లాంతర్ల స్తంభాన్నే పడగొట్టారు. జనం గొడవ చేశాక సంజాయిషీలు మొదలయ్యాయి. రాతి స్తంభాన్నే కదిపినవాళ్లకి సెల్లార్‌లో అట్టపెట్టెలు బరువయ్యాయనుకోవాలా?

ఈ మధ్య టేపు పట్టుకుని ఇద్దరొచ్చారట. ఆవిడ బండి నిలువు కొలిచారు, అడ్డం కొలిచారు, ఏదో రాసుకున్నారు. తర్వాత టీ తాగి వెళ్లిపోయారట. ర్యాంపు వైపు వెళ్లారా అని అడిగాను. "అటెందుకెల్తారు బాబూ" అంది.