అమీబా పుండుకు పైపూత మందు: పేచీ 1994లో మొదలైంది

కేరళలో 2024, 2025ల్లో అమీబా కేసులు వార్తలకెక్కాక ‘చర్మానికి పూసే మందు ఉందా’ అన్న ప్రశ్న మళ్లీ లేచింది. ముక్కులోంచి మెదడుకెక్కే నేగ్లేరియా సంగతి తెలిసిందే, దానికీ ఈ చర్మపు జబ్బుకీ సంబంధం లేదు. చర్మం మీద గడ్డలు, మానని పుండ్లు లేపేవాటిలో ముఖ్యమైనది అకాంతమీబా, అదీ ఎక్కువగా రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో.

ఒళ్లంతా పాకిన అకాంతమీబా నుంచి ఒక రోగి కోలుకున్నట్టు 1994లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. నరంలోకి పెంటామిడిన్ ఎక్కించారు. పుండ్లకు క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం కీటోకొనజోల్ క్రీము వాడారు. తర్వాత ఇట్రాకొనజోల్ మింగించారు. మందులు నాలుగు, రోగి ఒక్కరు. పని చేసింది క్రీమేనా, పెంటామిడినా? విడదీసే దారి లేదు. 2008లో వియన్నా వైద్యులు మిల్టెఫోసిన్ అనే మందును మింగించి, పూసి కూడా ఒక రోగిని గట్టెక్కించినప్పుడూ ఇదే చిక్కు.

అరుదైన జబ్బు, ట్రయల్‌కు రోగులు దొరకరు అంటారు చికిత్స చేసేవారు. నిజమే. కానీ ఇదే అమీబా కంటికి తెచ్చే జబ్బూ అరుదైనదే. అయినా యూరప్‌లో 135 మందిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు క్రిమినాశిని అయిన పాలీహెక్సనైడ్ 0.08 శాతం చుక్కలు, మరో గుంపుకు 0.02 శాతం పాలీహెక్సనైడ్, తోడుగా 0.1 శాతం ప్రొపమిడిన్. మొదటి 5 రోజులు పగటిపూట 16 సార్లు వేయాలి. రెండు వైపులా దాదాపు 87 శాతం మందికి నయమైంది. అంటే ఒకే మందు సరిపోయింది. 2024లో ఆ 0.08 శాతం చుక్కలకు యూరప్ అనుమతీ వచ్చింది.

చర్మం విషయంలో ల్యాబు దగ్గరే పొరపాట్లు మొదలవుతాయి. కదిలే అమీబా త్వరగా చస్తుంది. రెండు పొరల గోడ కట్టుకుని నిద్రాణంగా ఉన్న అమీబా, అంటే సిస్టు, అంత సులువుగా చావదు, కాబట్టి రెంటినీ వేరువేరుగా పరీక్షించాలి. మందు తగిలాక సిస్టుల్ని బాగా కడిగి, అమీబాకు మేతగా ఈ-కోలై బ్యాక్టీరియా పరిచిన పోషకాల్లేని అగార్ (ల్యాబు జెల్లీ) ప్లేటు మీద, అమీబా బయటికొస్తుందేమో వారానికి తగ్గకుండా చూడాలి. కడగడం సరిగా లేకపోతే మిగిలిన క్లోర్‌హెక్సిడిన్ ప్లేటు మీద కూడా అమీబాను ఆపేస్తుంది. సిస్టు బతికే ఉన్నా చచ్చిందని రాసేస్తారు.

మనిషి మీదైతే ఇంకో మెలిక. చాలా పుండ్లు రక్తం వెంట వచ్చినవి, అమీబా లోపలి పొరల్లో ఉంటుంది. అందుకే లోపలికిచ్చే మందు అందరికీ ఒకటే ఉంచి, పైపూతనే మార్చాలి: కొందరికి మందున్న క్రీము, కొందరికి మందు లేని అదే క్రీము. పుండు ఎండిందని ఆగకుండా మళ్లీ చర్మం ముక్క తీసి కల్చర్‌కు, అంటే అమీబా ఇంకా పెరుగుతుందేమో చూసే పరీక్షకు, పంపాలి.