డిటీరియరేట్, వర్సెన్, ఎగ్జాసర్బేట్: ఏది ఎక్కడ? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ పర్యాయపద నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ‘అన్నిటికీ పాడవడమే కదా అర్థం’ అని చేతికందింది పెట్టేస్తే వ్యాకరణం నిలబడొచ్చు గానీ, చదివేవాళ్ళకి ఎక్కడో తేడా కొడుతుంది. మాట ఎంచుకునే ముందు చూడాల్సినవి రెండు: పాడవుతున్నది మొదట్లో మంచిగా ఉన్నదా, లేక పుట్టుకతోనే చెడ్డదా? దానంతట అదే పాడవుతోందా, ఇంకొకటేదో పాడుచేస్తోందా?

అపోహ: వర్సెన్ మరీ చిన్న మాట. డిటీరియరేట్ అంటే స్థాయి పెరుగుతుంది.

వాస్తవం: వర్సెన్ వైద్య నివేదికల్లోనూ పరిశోధన వ్యాసాల్లోనూ హాయిగా నడిచే మాట. పైగా డిటీరియరేట్ వెళ్ళలేని చోటికి కూడా వెళ్తుంది. ఆరోగ్యం, సంబంధాలు, నాణ్యత, భవనం, చూపు... వీటికి ఒక మంచి స్థితి అంటూ ఉంటుంది. అక్కడి నుంచి కిందికి జారడమే డిటీరియరేట్. నొప్పికి, కరువుకి, కొరతకి మంచి స్థితి ఎక్కడిది? అందుకే ‘ది పెయిన్ డిటీరియరేటెడ్’ అనరు, ‘ది పెయిన్ వర్సెన్డ్’ అంటారు. తెలుగులోనూ అంతేగా: ఆరోగ్యం క్షీణించింది అంటాం, నొప్పి క్షీణించింది అంటే మాత్రం తగ్గిందని అర్థమవుతుంది. అనుమానం వచ్చిన చోట ‘క్షీణించు’ పెట్టి చూడండి. చెడ్డ అర్థమే వస్తే డిటీరియరేట్ చాలావరకు సరిపోతుంది. వర్సెన్ మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది. పరిస్థితికి, అంటే సిచ్యుయేషన్‌కి, రెండూ చెల్లుతాయి.

ఇంకో తేడా. వర్సెన్ దానంతట అదే జరిగే పనికీ, ఇంకొకటి చేసే పనికీ పనికొస్తుంది. ‘ది ట్రాఫిక్ వర్సెన్డ్’ సరే, ‘రెయిన్ వర్సెన్డ్ ది ట్రాఫిక్’ కూడా సరే. డిటీరియరేట్ ఇప్పటి వాడుకలో దాదాపు అకర్మకమే, అంటే ‘దేన్ని’ అని చెప్పే కర్మ దానికి అక్కర్లేదు. ‘రెయిన్ డిటీరియరేటెడ్ ది రోడ్’ అనే వాడుక నిఘంటువులో దొరకొచ్చు గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘డ్యామేజ్డ్’ చాలు. అన్నట్టు, పలికేటప్పుడు ‘డిటీరియేట్’ అని మధ్యలో ఒక అక్షరం మింగేస్తారు చాలామంది. స్పెల్లింగ్ తప్పడం కూడా అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఎగ్జాసర్బేట్ అంటే మరీ ఘోరంగా డిటీరియరేట్ అవడం.

వాస్తవం: తీవ్రత మాట కాదిక్కడ, పనిచేసే తీరే వేరు. ఎగ్జాసర్బేట్ అంటే అగ్నికి ఆజ్యం పోయడం. ముందు నిప్పంటూ ఉండాలి, పోసేది ఇంకొకటి ఉండాలి. కాబట్టి కర్మ లేకుండా ఇది నిలబడదు. ‘ది ప్రాబ్లమ్ ఎగ్జాసర్బేటెడ్’ తప్పు, ‘ది ప్రాబ్లమ్ వాజ్ ఎగ్జాసర్బేటెడ్ బై ది డిలే’ ఒప్పు. కర్మ కూడా అప్పటికే చెడ్డదై ఉండాలి. ‘స్మోక్ ఎగ్జాసర్బేటెడ్ హిజ్ హెల్త్’ కుదరదు, హెల్త్ తీసి ఆస్తమా పెడితే కుదురుతుంది. వైద్యంలో ఎగ్జాసర్బేషన్ అంటే ఉన్న జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టి ముదరడం.

దీన్ని ఎగ్జాస్పరేట్‌తో కలిపేయకండి. అది మనిషిని విసిగించడం. ఆగ్రవేట్ మాత్రం రెండు పడవల్లోనూ కాలు పెట్టింది: గాయాన్ని ఇంకా రేపడం, మనిషికి చిరాకు తెప్పించడం. రెండో అర్థం తప్పని కొందరు పట్టుబడతారు గానీ అది 17వ శతాబ్దం నుంచీ ఉన్నదే. అధికారిక రాతలో గాయాలకి, జబ్బులకి, వివాదాలకి పరిమితం చేస్తే గొడవ ఉండదు. ఉన్న కష్టం మీద మరో కష్టం వచ్చి పడితే కాంపౌండ్ సరైన మాట: ‘ది డిలే కాంపౌండెడ్ ది ఎర్రర్’.

అపోహ: డిక్లైన్ ఎప్పుడూ చెడు కబురే.

వాస్తవం: అంకె తగ్గిందని మాత్రమే చెబుతుంది. నేరాలు డిక్లైన్ అయితే సంతోషమే. అదే నాణ్యతకో ఆరోగ్యానికో వాడితే చెడు అర్థం వస్తుంది. ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫ్ వర్ణించేవాళ్ళు దీన్ని తిరగేసి ‘అన్‌ఎంప్లాయ్‌మెంట్ డిటీరియరేటెడ్’ అని రాస్తుంటారు. నిరుద్యోగం పెరిగింది, కాబట్టి ‘రోజ్’ అనాలి. డిటీరియరేట్ అయ్యేది ఉద్యోగాల మార్కెట్. అంకెల పక్కన ‘బై’, ‘టు’ కూడా జాగ్రత్త: వాటా 80 శాతం నుంచి 60కి పడితే ‘టు 60 పర్సెంట్’ లేదా ‘బై 20 పర్సెంటేజ్ పాయింట్స్’. ‘బై 20 పర్సెంట్’ అంటే లెక్కే తప్పు, ఎందుకంటే 80లో 20 పోతే తగ్గింది 25 శాతం.

అపోహ: డీగ్రేడ్, డీజెనరేట్, డికే, ఎరోడ్... ఏదైనా ఒకటే.

వాస్తవం: సిగ్నల్, ఫొటో నాణ్యత, నేల సారం డీగ్రేడ్ అవుతాయి. మనిషిని డీగ్రేడ్ చేయడమంటే అవమానించడం. డికే దంతాలకి, కలపకి. ఎరోడ్ అంటే కొంచెం కొంచెంగా కోసుకుపోవడం. నది ఒడ్డుకీ, నమ్మకానికీ, రూపాయి విలువకీ సరిపోతుంది. డీజెనరేట్‌లో స్వభావమే మారిపోతుంది, అందుకే వెనక తరచు ‘ఇంటు’ వస్తుంది: చర్చ కాస్తా కేకల యుద్ధమైతే ‘ది డిబేట్ డీజెనరేటెడ్ ఇంటు ఎ షౌటింగ్ మ్యాచ్’.

అపోహ: ‘ఈజ్ గెటింగ్ డిటీరియరేటెడ్’ మర్యాదగా వినిపిస్తుంది.

వాస్తవం: మర్యాద మాట అటుంచి, అది తప్పు. ‘ఈజ్ డిటీరియరేటింగ్’ చాలు. ‘గెటింగ్’ కావాలనుకుంటే ‘గెటింగ్ వర్స్’. ‘మోర్ వర్స్’ అసలు వద్దు. గట్టిగా చెప్పాలంటే ‘మచ్ వర్స్’, ‘ఫార్ వర్స్’ ఉన్నాయి.

అపోహ: ఎస్కలేట్ కూడా వర్సెన్ లాంటిదే.

వాస్తవం: సగమే నిజం. ఉద్రిక్తత, హింస, ఖర్చు పైకి ఎగబాకడం ఎస్కలేట్. ఆరోగ్యం ఎస్కలేట్ కాదు. ఇక ఆఫీసు మెయిల్‌లో ‘ఐ యామ్ ఎస్కలేటింగ్ దిస్’ అని రాస్తే సమస్యను పెంచుతున్నానని కాదు, పై అధికారి ముందు పెడుతున్నానని.