న్యూక్లియర్ ఫిజిక్స్‌లోకి వస్తారా? భయపడాల్సింది రేడియేషన్‌కి కాదు

నా పెళ్లిచూపుల్లో అబ్బాయి మేనత్తగారు ఒక్కటే ప్రశ్న అడిగారు. "ఆ ల్యాబ్ నుంచి ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకోవచ్చా అమ్మా?" ఆ సంబంధం కుదరలేదు. అడ్డం పడింది కట్నమో, కేంద్రకమో నాకిప్పటికీ తెలియదు.

పదిహేనేళ్లుగా యాక్సిలరేటర్ల దగ్గర, అంటే పరమాణువుల నడిబొడ్డున ఉండే కేంద్రకాలకు వేగం పుట్టించే యంత్రాల దగ్గర పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగేవాటిలో సగం ఆ మేనత్తగారి ప్రశ్నలాంటివే. నిజంగా అడగాల్సినవి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: న్యూక్లియర్ ఫిజిసిస్ట్ అంటే బాంబులు చేసేవాడు, కాకపోతే అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి.

వాస్తవం: మన దగ్గర 'అణు' అనగానే కొవ్వాడ, తుమ్మలపల్లె, నల్లమల యురేనియం గొడవ గుర్తొస్తాయి. వాటి మీద ఎవరి అభిప్రాయం వారికుంటుంది, నాకూ ఉంది. కానీ రియాక్టర్లు కట్టి నడిపేవాళ్లలో ఎక్కువమంది మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఇంజినీర్లు. రియాక్టర్ ఫిజిక్స్ అని ఒక శాఖ ఉంది, అందులో మావాళ్లు ఉంటారు. నా పని అది కూడా కాదు.

మేం చేసేది ఇది. వేగంగా వచ్చే ఒక కేంద్రకాన్ని తీసుకెళ్లి ఇంకో కేంద్రకానికి గుద్దిస్తాం. రెండూ కలిసిపోయి, గిరగిరా తిరిగే కొత్త కేంద్రకం ఒకటి పుడుతుంది. అది ముందు కొన్ని న్యూట్రాన్లను విసిరేస్తుంది, తర్వాత గామా కిరణాలు వదులుతూ మెట్లు దిగినట్టు దిగుతుంది. ఆ కిరణాల శక్తులు కొలిస్తే అది గుండ్రంగా ఉందో, కోడిగుడ్డులా సాగిందో, గుమ్మడికాయలా నొక్కుకుపోయిందో చెప్పొచ్చు. "దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని మా నాన్న అడిగితే నేను ముందు నక్షత్రాల గురించి చెప్పాను. ఆయన ముఖం చూసి, క్యాన్సర్ స్కానింగ్ గురించి చెప్పాను. రెండూ నిజమే. నన్ను ఇందులోకి లాగింది మాత్రం ఆ గుమ్మడికాయే.

ఈ పని దేశంలో ప్రధానంగా మూడు చోట్ల జరుగుతుంది. ముంబైలో టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) ఆవరణలోని పెలెట్రాన్, ఢిల్లీలో ఐయూఏసీ, కోల్‌కతాలో వీఈసీసీ సైక్లోట్రాన్లు. పెలెట్రాన్, సైక్లోట్రాన్ రెండూ యాక్సిలరేటర్ రకాలే. 'ఇంగా' అని పిలుచుకునే గామా డిటెక్టర్ల వరుస ఈ మూడు చోట్లకీ వంతులవారీగా తిరుగుతుంటుంది, ఊళ్లు తిరిగే నాటక సమాజంలా.

అపోహ: రేడియేషన్ ఒంట్లోకి ఎక్కి, మన నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకుంటుంది.

వాస్తవం: దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఎండలో నిలబడి వచ్చిన మనిషిని ముట్టుకుంటే మనకు ఎండ తగలదు. బురదలో చెయ్యిపెట్టి వచ్చిన మనిషిని ముట్టుకుంటే బురద అంటుకుంటుంది. గామా కిరణం తగలడం ఎండ లాంటిది. రేడియోధార్మిక పదార్థం పొడిగానో, ద్రవంగానో చర్మానికి అంటుకోవడం బురద లాంటిది. మా ప్రయోగాల్లో ఎక్కువగా ఉండేది మొదటిది. రెండోదానికి గ్లౌజులు, మానిటర్లు, తనిఖీలు ఉంటాయి. అంటుకుంటే కడుక్కుంటాం, మళ్లీ కొలుస్తాం.

యాక్సిలరేటర్ బీమ్ (వేగంగా వచ్చే కేంద్రకాల ధార) నడిచేటప్పుడు హాల్లో మనుషులెవరూ ఉండరు. మందపాటి కాంక్రీటు గోడల ఇవతల కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటాం. ఎవరైనా హాలు తలుపు తెరిస్తే బీమ్ ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉంటుంది. బీమ్ ఆగాక కూడా టార్గెట్ దగ్గర కొంత రేడియోధార్మికత మిగులుతుంది, అందుకే మీటరు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్తాం.

ఇక అంకెలు. ఏ ల్యాబ్‌లోనూ అడుగుపెట్టని మనిషికి కూడా నేల నుంచి, గాలిలోని రేడాన్ వాయువు నుంచి, తిండి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) మోతాదు అందుతుంది. పెద్దవాళ్ల ఒంట్లోని పొటాషియం ఒక్కటే సెకనుకు నాలుగు వేలకు పైగా విఘటనలు జరుపుకుంటుంది, అంటే అన్ని పరమాణువులు రేడియేషన్ వదులుతూ మారిపోతుంటాయి. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఏఈఆర్‌బీ (దేశంలో అణు భద్రతను నియంత్రించే బోర్డు) పెట్టిన పరిమితి, వరుసగా ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భిణి అయితే ఆ సంగతి తెలిపినప్పటి నుంచి ప్రసవం వరకు పిండానికి 1 మిల్లీసీవర్టు. నా పాప కడుపులో ఉన్నప్పుడు నేను బీమ్ హాలుకి పోకుండా డేటా విశ్లేషణ చేసుకున్నాను. దానికెవరూ నన్ను ప్రత్యేకంగా చూడలేదు, అది పద్ధతి.

మోతాదు లెక్కకు అందరికీ ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉంటుంది. మూడు నెలలకోసారి తీసుకెళ్లి చదువుతారు. నా బ్యాడ్జ్‌లో చెప్పుకోదగ్గ అంకె ఎప్పుడూ రాలేదు. ఒకసారి మా జూనియర్‌కి వచ్చింది. రెండు వారాలు కుర్రాడు నిద్రపోలేదు. తీరా చూస్తే, బ్యాడ్జ్ ఉన్న కోటును బీమ్ హాల్లో కొక్కేనికి తగిలించి ఇంటికి పోయాడు. మోతాదు కోటుకి పడింది, చీవాట్లు అతనికి పడ్డాయి.

ప్రమాదం అసలే లేదని నేననను. ఇక్కడ ప్రమాదాన్ని కొలిచే సాధనం ఉంది, అంతే తేడా. మా ల్యాబ్‌లో నన్ను నిజంగా గాయపరిచింది ద్రవ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు. జెర్మేనియం డిటెక్టర్లను చల్లగా ఉంచడానికి వేళకు పోస్తూ ఉండాలి. అర్ధరాత్రి షిఫ్టులో బద్ధకించి గ్లౌజు వేసుకోకుండా పైపు పట్టుకున్నాను, వేలి మీద మచ్చ ఇంకా ఉంది.

అపోహ: ఐన్‌స్టీన్ అంత బుర్ర ఉండాలి, ఐఐటీలో చదవాలి, తెలుగు మీడియం వాళ్లకు కుదరదు.

వాస్తవం: నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. పశ్చిమ గోదావరిలో గొరగనమూడి అనే ఊళ్లో పుట్టిన ఒకాయన సన్యాసం తీసుకుని, హిమాలయాలకు పోయి, ఆ తర్వాత ప్రాగ్‌లో, లివర్‌పూల్‌లో భౌతికశాస్త్రం చదివారు. లివర్‌పూల్‌లో ఉన్నది ఎవరి దగ్గరనుకున్నారు? న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర. ఆయనే స్వామి జ్ఞానానంద. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం ఆయన చలవే. మరొకరు ఏ.ఎస్.రావు, 1967లో మొదలైన ఈసీఐఎల్‌కు (హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) సారథి. హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు నగర్ ఫ్లాట్ల ధరలు అందరికీ తెలుసు, ఆ రావుగారెవరో అడిగితే దిక్కులు చూస్తారు.

గణితం రావాలి, ఒప్పుకుంటాను. అంతకంటే ఎక్కువగా ఓపిక కావాలి. డిటెక్టర్‌లో వంద కౌంట్లు వస్తే, అంటే అది వంద కిరణాలను పట్టుకుంటే, మీ కొలతలో అనిశ్చితి పది శాతం. దాన్ని ఒక శాతానికి తేవాలంటే పది వేల కౌంట్లు కావాలి, అంటే పదింతలు మెరుగవడానికి వందింతలు ఎదురుచూడాలి. బీమ్ టైమ్ కోసం ప్రతిపాదన రాసి, కమిటీ ముందు వాదించి, నెలల తర్వాత ఐదు రోజులు దొరికితే, అందులో రెండు రోజులు వాక్యూమ్ నిలవక పోయాయి నాకు. గాలి చొరబడకుండా పెట్టే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక వెంట్రుక పడి ఉంది. నాదే అయి ఉంటుంది. రాత్రి షిఫ్టులు, టీ ఫ్లాస్కులు, తర్వాత ఏడాదంతా సీ++ కోడ్. సినిమాల్లో చూపించే నల్లబోర్డు నిండా సమీకరణాలు థియరీ వాళ్లకి.

అపోహ: పీహెచ్‌డీ చేసేస్తే బార్క్‌లో (ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం) ఉద్యోగం గ్యారంటీ.

వాస్తవం: ఈ ఒక్క మాట నమ్మి ఇరుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను. బార్క్‌కి ప్రధాన దారి పీహెచ్‌డీ కాదు, 1957 నుంచి నడుస్తున్న ట్రైనింగ్ స్కూల్. ఫిజిక్స్ ఎమ్మెస్సీలో 60 శాతం ఉండాలి. రాతపరీక్షో, గేట్ స్కోరో మిమ్మల్ని ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, తుది ఎంపిక ఇంటర్వ్యూతోనే. ఏడాది శిక్షణ, తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్. పోస్టింగ్ ముంబైలోనే ఉండాలని లేదు, కల్పాక్కం కావచ్చు, ఇండోర్ కావచ్చు. జనరల్ వాళ్లకు వయోపరిమితి 26, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. ఇప్పుడు లెక్క వేసుకోండి. 23కి ఎమ్మెస్సీ అయి, "ముందు పీహెచ్‌డీలో చేరదాం, బార్క్ తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తలుపు మీరు థీసిస్ రాసేలోపే మూసుకుంటుంది. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు.

పీహెచ్‌డీ దారి వేరు. సీఎస్‌ఐఆర్ నెట్, జెస్ట్, టీఐఎఫ్‌ఆర్ పరీక్షల్లాంటివి రాసి చేరాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థికిచ్చే ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), చాలామందికి విదేశాల్లో. నాకు పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి 36 ఏళ్లు. అప్పటికి నా ఇంటర్ క్లాస్‌మేట్లు రెండో ఇల్లు కొంటున్నారు. మా బ్యాచ్ పీహెచ్‌డీల్లో ఇప్పటికీ కేంద్రకాల మీద పనిచేస్తున్నది సగం కంటే తక్కువే. మిగతావాళ్లు బ్యాంకుల డేటా సైన్స్‌లో, కాలేజీల్లో ఉన్నారు. ఒకామె ఆస్పత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్. ఆమె రేడియోథెరపీ ప్లాన్లు వేస్తుంది, నా కంటే ఎక్కువ జీతం తీసుకుంటుంది. ఆ లైన్ నచ్చితే ఎమ్మెస్సీ అయ్యాక రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఉంది, నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లోనే పీజీ కూడా చేయొచ్చు.

అపోహ: ఇండియాలో ఉంటే ఏమీ చేయలేం.

వాస్తవం: పెద్ద యంత్రాలు బయట ఎక్కువ, నిజమే. కానీ ఇక్కడి విద్యార్థి డిటెక్టర్ విప్పి బిగించడం నేర్చుకుంటాడు. అక్కడి పెద్ద బృందాల్లో ఆ అవకాశం అందరికీ రాదు.

ఇంతకీ అడగాల్సిన ప్రశ్నలు అన్నాను కదా. పీహెచ్‌డీకి ఒక గ్రూపు చూసుకున్నాక గైడ్‌ని కలవడానికి ముందు ఆయన విద్యార్థులను క్యాంటీన్‌లో పట్టుకోండి. పోయిన రెండేళ్లలో మీకు ఎన్ని రోజులు బీమ్ దొరికింది? యంత్రం మరమ్మతుకు ఆగితే మీ థీసిస్ ఏమవుతుంది, చేతిలో పాత డేటా ఉందా? మీ ముందు బయటికెళ్లిన నలుగురూ ఇప్పుడెక్కడ ఉన్నారు? స్కాలర్‌షిప్ నెలనెలా పడుతోందా? నాలుగో ప్రశ్నకు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వితే, టీ డబ్బులు మీరే ఇచ్చి రండి.