జూలై 26 గురించి మా మనుమలకు

బిడ్డలూ, మొన్న ఫోన్ల అడిగిండ్రు గదా, తాతా, కార్గిల్ యుద్ధం గెలిచిన రోజని అందరు స్టేటస్ పెట్టిండ్రు నువ్వెందుకు పెట్టలే అని. ఫోన్ల చెప్తే సగం ఇని రీల్స్‌ల పడ్తరు, అందుకే రాస్తున్న.

నేను తుపాకి పట్టి కొండెక్కినోణ్ణి కాదు, ఆర్మీల లారీ డ్రైవర్ని. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు మాది, ఆ రోడ్డు సంగతి తెలిస్తే కార్గిల్ సంగతి సగం తెలిసినట్టే. లదాఖ్‌ల, సియాచిన్‌ల ఉన్నోళ్లకు బియ్యం, పప్పు, కిరోసిన్ చానావరకు ఎండకాలంల దాని మీదికెల్లే పోవాలె, చలికాలం జోజిలా కనుమ మంచుతోని మూసుకపోతుండె, ముందుగాల దాసిపెట్టిందే తిండి. 1999 మేల చూస్తే, చలికని మనోళ్లు ఖాలీ చేసి దిగిన శిఖరాల మీద పాకిస్తానోళ్లు కూసున్నరు. తోలోలింగ్ శిఖరం అయితే ద్రాస్ ఊరి దగ్గర రోడ్డు నెత్తిమీదనే, మా బండి ఎటు పోతుందో పైకెల్లి చూసుకుంట గుండ్లు ఏపిస్తుండిరి. ఇగ రాత్రిపూట లైట్లు బంద్ చేసి నడిపేటోళ్లం, ముంగటి బండి వెనుక ఇరుసుకు పూసిన తెల్లరంగే మాకు దారి, ఓ పక్క లోయ, పక్కసీటోడు కిటికీలకెల్లి తల బయటవెట్టి ఎడమకు ఎడమకు అని చెప్తుండె.

జూన్ 13న తోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్ మనకొచ్చినయ్. 16 వేల అడుగుల మీద నిలువు కొండ, దాక్కుందామంటే చెట్టు లేదు. జూలై 26న యుద్ధం అయిపోయిందన్నరు. మన సిపాయిలు 527 మంది పానం ఇడిసిండ్రు. ఈసారి శవపెట్టెలు సొంతూర్లకు వచ్చినయ్, టీవీల ఊరూరు చూసింది, దేశం మొత్తానికి ఈ తారీఖు మనసుల పడ్డది గందుకే అని నా లెక్క.

హైదరాబాద్ నుంచి పోయిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న పానం ఇడిసిండు, తర్వాత ధైర్యానికిచ్చే మహావీర్ చక్ర పతకం ఇచ్చిండ్రు. కడుపుతోని ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పుమని నాయినకు ఉత్తరం రాసిండు, బిడ్డ పుట్టేటాలకు ఆయన లేడు.

అవతలోళ్లు తమ సిపాయిల శవాలు చానా మట్టుకు మావి కావన్నరు, మనోళ్లే వాళ్ల మతం పద్ధతిల బొందపెట్టిండ్రు. దుష్మన్ దుష్మన్ అని స్టేటస్‌లల్ల ఒర్రేటోళ్లకు ఇది తెల్వది. నా మట్టుకు గెలుపంటే లైట్లు ఏసుకోని ద్రాస్ దాటుడే, ఆ రాత్రి మా కాన్వాయ్‌ల ఒక్కడు మాట్లాడలే.

డిసెంబర్ 7న స్కూల్ల చిన్న జెండా స్టిక్కర్ ఇస్తరు, ఆ పైసలు పోయిన సిపాయిల ఇంటోళ్లకు, మాజీ సైనికులకు పోతయ్, మీ ఐస్‌క్రీమ్ పైసలల్లకెల్లి ఎంతోకొంత ఎయ్యిండ్రి.

ఇక్కడ వానలు మంచిగనే పడ్డయ్, నాట్లు అయిపోవచ్చినయ్. రాఖీకి హన్మకొండకు రండ్రి, ఫోటోలు చూపిస్త, ఫోన్లు మాత్రం మీ అమ్మకిచ్చి కూసోవాలె.

మీ తాత